ఆకాశహర్మ్యములును మన జిల్లాల పనివారును

మహానగరములను గూర్చి మన విద్యార్థులు వ్రాయు వ్యాసములలో ఆకాశహర్మ్యములకు పెద్దపీట వేయుట పరిపాటియైనది. అందు తప్పేమియు లేదు. మేఘమండలమును తాకు కట్టడమును జూచి కన్నులు విప్పార్చని బాలుడుండునా? అయితే అట్టి వ్యాసములలో అంతస్తుల సంఖ్య యుండును, మీటర్ల లెక్క యుండును, అద్దముల తళుకుల వర్ణన యుండును; కట్టిన చేతుల మాట మాత్రము కానరాదు. ఆ చేతులలో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల చేతులు తక్కువ గావు. తన తండ్రి యెత్తిన గోడను గూర్చి వ్రాయుచు తండ్రి పేరెత్తని బిడ్డను తప్పుపట్టజాలము. పాఠ్యపుస్తకము వానికా మాట చెప్పలేదు. కావున ఈ సంచికలో ఆ విషయమును ముచ్చటింప నెంచితిమి. మా పాఠకులలో ననేకుల యిండ్లకు సంబంధించిన సంగతి గనుక కొంత విస్తరముగనే వ్రాయవలసి వచ్చినది.

నేడు పెద్ద నగరములలో లేచుచున్న ఆకాశహర్మ్య సముదాయములు వట్టి యెత్తైన మేడలు కావు. ఒక్క ప్రాంగణముననే నివాసగృహములు, కార్యాలయములు, అంగళ్లు, హోటళ్లు, వ్యాయామశాలలు, ఈతకొలనులు, చలనచిత్రశాలలు చేర్చి కట్టుదురు. నేల క్రింది అంతస్తులు బండ్లు నిలుపుటకే యుండును. ఉదయమున ముప్పదవ అంతస్తున నిద్రలేచినవాడు లిఫ్టులో దిగి, ప్రక్క గోపురమున కెక్కి, అచ్చట కొలువు చేసి, సాయంకాలము క్రింది యంగడిలో కూరగాయలు కొనుక్కొని మరల పైకి పోవచ్చును. వీథి ముఖము చూడనక్కరలేదు. మన పల్లెలో సాలెవీథి, కుమ్మరవీథి, సంత, చెరువు, బడి ప్రక్కప్రక్క నుండునట్లు అచ్చట నన్నియు నొకదానిపై నొకటి యుండును. ఊరిని నిలువున లేపి నిలబెట్టినట్లని యూహించుకొనిన చాలును. ఇంగ్లీషున దీనికి మిక్స్‌డ్ యూజ్ అని పేరు. తెలుగున మిశ్రోపయోగమని చెప్పుకొందము.

ఇట్టి నిర్మాణములు ఒక్కనాడు పుట్టినవి కావు. అమెరికాలో ఎలీషా ఓటిస్ అనునతడు త్రాడు తెగినను పడిపోని లిఫ్టును కల్పించి, 1854లో న్యూయార్కు ప్రదర్శనశాలలో జనుల యెదుట తానే దానిపై నిలిచి త్రాడు కోయించి చూపెను. అంతకు ముందు ఐదారంతస్తులకు మించి మెట్లెక్కి పోవుటకు జనులు సమ్మతించెడివారు కారు. 1885లో చికాగో నగరమున పదియంతస్తుల భవనమొకటి వట్టి గోడల బలముపై గాక లోహపు చట్రము బలముపై నిలిచెను. 1931లో న్యూయార్కునందు 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనము, పని మొదలిడిన యేడాదికి కొంచె మెక్కువ కాలములోనే, పూర్తియయ్యెను. మిశ్రోపయోగ హర్మ్యములకు పెద్ద యొరవడియని చెప్పదగినది 1969లో చికాగోలో వెలసిన నూరంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటర్. అందు క్రింద అంగళ్లు, వానిపైన బండ్లు నిలుపు చోటు, పిమ్మట కార్యాలయములు, ఆపైన కాపురములు. దాని నిర్మాణ గణితమును సమకూర్చిన ఇంజనీరు ఫజ్లూర్ రహమాన్ ఖాన్ ఢాకాలో పుట్టిన వంగదేశీయుడు. గాలి త్రోపుడును భరించు పనిని లోపలి స్తంభములకు విడువక, బయటి చట్రమునే గొట్టమువలె గట్టిపరచి దానికప్పగించుట ఆయన చూపిన మార్గము. గణితమనిన ముఖము చాటుచేయు మా విద్యార్థులు ఈ యొక్క సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక. ఇక దుబాయిలోని బుర్జ్ ఖలీఫా 828 మీటర్ల యెత్తుతో 2010 జనవరి 4వ తేదిని తెరువబడెను. అందును హోటలు, నివాసములు, కార్యాలయములు కలిసియే యున్నవి.

తెలుగు నగరములలో హైదరాబాదు ఈ విషయమున ముందడుగు వేసినది. నేల కొలతకు ఇన్ని రెట్లే కట్టవలెనను హద్దును 2006 సంవత్సరపు కట్టడపు నియమములలో అచ్చట తొలగించిరి. ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టును విడువవలసిన ఖాళీస్థలమును బట్టి యెత్తు నిర్ణయమగుచు వచ్చినది. అందువలన పడమటి శివారులలోని గుట్టలు, బండలు చూచుచుండగనే మేడలైనవి. మణికొండలోని లాంకో హిల్స్ ఈ కోవకు చెందిన తొలి సముదాయములలో నొకటి. ఒక గుట్టమీద నివాస గోపురములు, కార్యాలయములు, అంగళ్లు, హోటలు కలిపి యొక పట్టణమునే కట్టదలచి, నడుమ నూరంతస్తులకు మించిన మహాగోపురము నిలుపుదుమని ప్రకటించిరి. నివాస గోపురములు లేచినవి. జనులు కాపురములు పెట్టిరి. నడిమి గోపురము పటమునందే నిలిచిపోయెను. ఆ నేల దర్గాకు చెందిన వక్ఫు భూమి యను వివాదము యేండ్ల తరబడి న్యాయస్థానములలో నడువగా, అది ప్రభుత్వమునకే చెందునని 2022 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. అంతకు ముందే, 2018లో, మాతృసంస్థయైన లాంకో ఇన్‌ఫ్రాటెక్ ఆస్తులను పరిసమాప్తి చేయవలసినదని దివాలా న్యాయస్థానము ఉత్తరువిచ్చియుండెను. గొప్ప కట్టడముల వెనుక నెన్ని చిక్కులుండునో తెలియుట కీ యుదాహరణము చాలును.

అచ్చటికి చేరువనే కోకాపేటలో 2023 ఆగస్టున జరిగిన ప్రభుత్వ వేలములో ఎకరము ధర నూరు కోట్ల రూపాయలు దాటెను. అంత ధర పెట్టిన నేలపై రెండంతస్తుల యిల్లెవరు కట్టుదురు? పైకి పోవుట తప్ప గతిలేదు. పంటపొలములు మిగులునని, కొలువునకు పోవు దారిబాధ తగ్గునని చెప్పువారి వాదములందు నిజము కొంత కలదు. మా యభ్యంతరము ఎత్తును గూర్చి కాదు.

మిశ్రోపయోగమన్నప్పుడు అన్ని యుపయోగములును అందు చేరవలెను గదా. ఆ సముదాయముల పటములను విప్పి చూడుడు. బండికి గది యుండును. అతిథికి గది యుండును. కొన్నిచోట్ల పెంపుడు కుక్కలు తిరుగుటకు తోట యుండును. కట్టువాడెచ్చట పడుకొనును? కట్టిన పిమ్మట మెట్లు తుడుచునామె, గడపలో కావలియుండువాడు, నీటిపంపులు చూచువాడు ఎచ్చట కాపురముందురు? పటములో ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. కట్టుచున్నంతకాలము ప్రహరీగోడ ప్రక్కను రేకుల పాకలు వరుసగా వేయుదురు. వేసవిలో ఆ రేకు నిప్పుకణికయగును. వానలో దాని చప్పుడునకు నిద్రపట్టదు. నీటితొట్టి బండి వచ్చువేళకు బిందెలు బారులుదీరును. ఇరువదవ అంతస్తున స్నానపుగదికి పాలరాయి పరచి దిగివచ్చిన మనుజుడు స్నానమునకు వంతు కాచుకొనును. మంచి వసతి చూపు కంట్రాక్టరులును లేకపోలేదు. వారిని గూర్చి మాకు గౌరవము కలదు. కాని మంచితనము కంట్రాక్టరు మనస్సునకు విడిచిపెట్టదగిన వస్తువు కాదని మా యభిప్రాయము.

ఆ పాకల దరికి పోయి చెవి యొగ్గినచో "ఏటి బావూ, ఎప్పుడొచ్చినావు" అను పలకరింపు వినవచ్చును. హైదరాబాదేమి, చెన్నపట్టణమేమి, బెంగుళూరేమి, ఇనుపచువ్వలు వంచుచోట, సెంట్రింగు కొట్టుచోట, కాంక్రీటు పోయుచోట మన మాట కలదు. వంశధార, నాగావళి పారు సీమనుండి యింతమంది యేల పోవుచున్నారని యడుగవచ్చును. కాలువ యందని మెట్టభూమి పెక్కు. ఉన్న కమతము అన్నదమ్ములు పంచుకొనగా గట్లే మిగులును. ఒకనాడు గోగునార అమ్మి పెండ్లిండ్లు చేసిన కుటుంబములు, గోనెసంచుల మిల్లులు మూతపడగా, ఆ పంట మానుకొనవలసి వచ్చెను. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమున తీరము దాటిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను పెకలించినది. కొబ్బరిమొక్క కాపునకు వచ్చువరకు ఆకలి యాగదు గదా.

వలస మన జిల్లాలకు క్రొత్త గాదు. తాతల కాలమున కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో పొగయోడలెక్కి రంగమునకు బోయిరి. రంగూను నగరమును మనవారు రంగమనియే పిలిచెడివారు. అచ్చట రేవులో మూటలు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి. ఆ నగరపు సంపదకు మన చెమట కొంత పునాదియైనది. 1942లో జపానువారు బర్మాపైకి వచ్చినపుడు కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశమునకు మరలినవారెందరో, దారిలో రాలినవారెందరో. డెబ్బదియెనిమిదేండ్లకు మరల నట్టి నడకయే చూచితిమి. 2020 మార్చి 25 మొదలు దేశమంతట రాకపోకలు నిలిచినపుడు, మేడల పనులు ఆగి, పాకలలో తిండిగింజలు నిండుకొని, మూటలు నెత్తినిడుకొని జాతీయ రహదారివెంట నడచిన కూలిజనమును మరచినవారు మా పాఠకులలో నుండరు. అర్ధాంతరముగ నిలిచిన మేడలో వేయి గదులుండెను. ఒక్క గదియు వారిది కాదు.

ఇక అందరికన్న మన జిల్లాల వారికి బాధాకరమైన సంగతి చెప్పవలసియున్నది. 2014 జూన్ 28వ తేది శనివారము సాయంకాలము, చెన్నపట్టణపు శివారైన మౌలివాక్కమున, కట్టుబడిలోనున్న పదునొకండంతస్తుల నివాసభవనము కుప్పగూలెను. 61 మంది మరణించిరి. 27 మందిని ప్రాణములతో వెలికిదీసిరి. గతించినవారిలో తమిళులును, ఒడిస్సావారును కలరు; విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల వారు పెక్కుమంది. పిడుగుపడి కూలినదని మొదట వినబడిన మాట నిలువలేదు. తమిళనాడు ప్రభుత్వము నియమించిన జస్టిస్ రఘుపతి సంఘము విచారించి, కట్టడపు రూపకల్పనలోను నిర్మాణములోను లోపములను చూపినది.

శిథిలములను తొలగించుటకు సుమారు వారము దినములు పట్టెను. లోపల నెందరున్నారను ప్రశ్నకు ఆ దినములలో తలకొక యంకె వినబడెను. గంటగంటకు శవము వెలికివచ్చినకొలది సంఖ్య పెరుగుచుండెనే కాని, పేర్ల చిట్టా చేతబట్టుకొని "ఇంకను ఫలానావారు రావలెను" అని చెప్పగలవారు లేకపోయిరి. ఇట్టి వేళ ఊరిలోనున్న తల్లి స్థితి యెట్టిదో యోచింపుడు. కొడుకు చెన్నపట్టణమున నున్నాడని యామెకు తెలియును. తీసికొనిపోయిన మేస్త్రీ పేరు తెలియును, ఆ మేస్త్రీ అత్తవారి యూరును తెలియును. మేడ పేరు తెలియదు, పేట పేరు తెలియదు. "పన్లకు ఎలిపోనాడు" అను ఒక్కమాటలో ఆ కొడుకు చిరునామా యంతయు ఇమిడియున్నది.

ఆ కూలిన మేడ ప్రక్కనే దాని జతగోపురము నిలిచియుండెను. అదియు నపాయకరమని నిశ్చయించి 2016 నవంబరు 2న మందుగుండు పెట్టి కూల్చివేసిరి. చుట్టుప్రక్కల యిండ్లవారిని ముందుగనే ఖాళీ చేయించిరి; గడియలు చూచుకొని, హద్దులు పాతి, పోలీసులను నిలిపి కూల్చిరి. కొన్ని క్షణములలో మేడ నేలమట్టమైనది; ప్రాణనష్టము లేదు. కూల్చునపుడు చూపిన జాగ్రత్తలో, ఎవరెచ్చట నున్నారో చూచుకొను నా శ్రద్ధలో, నాలవవంతు కట్టునపుడు చూపిన ఎట్లుండెడిదని యడుగక యుండలేము.

చట్టములు లేక ఈ దుస్థితి వచ్చినదని తలపరాదు. పరరాష్ట్రమునకు కూలీలను గొనిపోవు కంట్రాక్టరు వారి పేర్లు నమోదు చేయవలెనని 1979లోనే యొక చట్టము పుట్టెను. భవన నిర్మాణ కార్మికుల కొరకు 1996లో మరియొక చట్టము వచ్చెను. గడచిన పండ్రెండు నెలలలో 90 దినములు కట్టుబడిలో పనిచేసిన పదునెనిమిదేండ్లు నిండి యరువది నిండనివారు దాని క్రింద పేరు వ్రాయించుకొనదగియుండిరి. కట్టడపు వ్యయములో నూటికొక రూపాయి చొప్పున సుంకము తీసి కార్మికుల క్షేమనిధికి చేర్చునేర్పాటును ఆ సంవత్సరమే జరిగెను. ఆ సొమ్ములో పెద్దభాగము ఖర్చుగాక నిలిచియున్నందుకు 2018లో సుప్రీముకోర్టు ప్రభుత్వములను మందలించినది. ఇచ్చట పేరు వ్రాయించుకొన్నవాడు అచ్చట పనిచేయును; అచ్చటి నిధికి వీడు పరాయివాడు, ఇచ్చటి నిధికి వీడు కంటబడడు. సుంకము మేడ నుండి వచ్చును. మేడ కట్టినవానికి చేరుటకు దారి తెలియదు. 2020లో చేసిన క్రొత్త సంహితలలో పై రెండు చట్టములను కలిపివేసిరి.

1996 నాటి చట్టపు 34వ విభాగమును మేము ప్రత్యేకముగ ప్రస్తావింపదలచితిమి. పని జరుగుచున్నంత కాలము పనివారికి ఉచితముగ తాత్కాలిక నివాసము, వంటచోటు, స్నానపుచోటు, మరుగుదొడ్లు కల్పింపవలెనని అందు విధించిరి. ఇది మేలైన విధియే. దాని చివర మరియొక విధి యుండెను. కట్టుబడి ముగిసిన వెంటనే ఆ పాకలను యజమాని తన ఖర్చుతో తీసివేసి నేలను శుభ్రపరుపవలసియుండెను. ఈ రెండు విధులను ప్రక్కప్రక్క నుంచి చదివినవారికి మొత్తము సంగతి బోధపడును. మేడ నూరేండ్లు నిలుచుటకు, పాక మూడేండ్లలో మాయమగుటకు, రెండును నొక్క పటములోనే యేర్పడినవి.

మా యభిప్రాయమిది. మిశ్రోపయోగ సముదాయమునకు అనుమతి యిచ్చు నధికారులు, బండ్లకింత చోటు, చెట్లకింత చోటు విడువవలెనని పట్టుబట్టునట్లే, పనివారి నివాసమునకింత స్థిరమైన చోటు విడువవలెనని పట్టుబట్టవలెను. దానినే మొదట కట్టవలెను. కట్టుబడి సాగునంతవరకు అందు కట్టువారుందురు. పిదప ఆ గదులలోనే తుడుచువారు, కావలివారు, వంటవారు, తోటమాలులు స్వల్పమైన అద్దెకు కాపురముందురు. వారి పిల్లలకు క్రింది యంతస్తున బడి యుండవలెను. అప్పుడా సముదాయమును మిశ్రోపయోగమని పిలుచుట పేరునకు తగియుండును. దూరముగా శివారున పెద్ద వసతిగృహములు కట్టి పనివారినందరిని అచ్చట చేర్చిన చాలదా యని కొందరందురు. సింగపూరునందు అట్టి యేర్పాటు కలదు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ ఆ యిరుకు గదులలో నెట్లు వ్యాపించినదో లోకమంతయు చూచెను. కంటికి దూరమైన గది మనస్సునకును దూరమగును.

దీనికి ఖర్చెక్కువగునని ఆక్షేపింతురు. ఎకరమునకు నూరు కోట్లు పెట్టి వేలము పాడినవారి నోట ఈ మాట శోభింపదు. కూలి బాగుగనే ముట్టుచున్నది, ఇష్టము లేనివారు పోకుందురు గదా యని మరికొందరందురు. ఇది మన యూళ్లలోనే, పోకతప్పని యవసరము లేనివారి యరుగులమీద, వినబడు మాట. కూలి యెక్కువ వచ్చుటచేతనే పోవుచున్నారనుట నిజము. పెద్దపండుగకు వచ్చినవారు క్రొత్తబట్టలు తెచ్చుటయు, ఇంటికప్పు మార్చుటయు, అప్పు తీర్చుటయు చూచుచున్నాము. మేము వలసను నిందించుటలేదు. కూలి పుచ్చుకొన్నంత మాత్రమున పేరు, పడుకొనుటకు చోటు, కూలని గోడ అనునవి యెక్కువ కోరికలని యెంచుటనే నిందించుచున్నాము.

ఆకాశహర్మ్యముల మాట వచ్చినపుడు క్రైస్తవ ప్రసంగములలో ఆదికాండము పదునొకండవ అధ్యాయములోని బాబెలు గోపురమును చెప్పుట యాచారము. ఎత్తు కట్టిన గర్వము పడునని తాత్పర్యము చెప్పుదురు. మా యుద్దేశమున ఈ సందర్భమునకు యిర్మీయా గ్రంథములోని యిరువదిరెండవ అధ్యాయము ఎక్కువ తగియున్నది. అచ్చట ప్రవక్త యెహోయాకీము రాజును గద్దించును. విశాలమైన మేడగదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎఱ్ఱని రంగు, ఇవన్నియు వర్ణింపబడినవి. ఇప్పటి ప్రకటన పత్రములకు తీసిపోని వర్ణన. ప్రవక్త కోపము మేడగదులమీద కాదు. పొరుగువానిచేత పనిచేయించుకొని కూలి యియ్యకపోవుట మీద. బాబెలు కథలోనో, ఇటుకలు బాగుగ కాల్చిరని యున్నది గాని కాల్చినవారిలో నొక్కని పేరైనను లేదు.

ఇక మన బడుల సంగతి. పెద్దపండుగ వెళ్లిన వారమునకే మన ప్రాంతపు బడులలో కొన్ని బల్లలు ఖాళీయగును. హాజరుపట్టీలో కొన్ని పేర్ల ప్రక్క చుక్కలు మొదలై నెలాఖరునకు గీతయగును. పిల్లవాడు తల్లిదండ్రులతో పోయినాడు. ఎచ్చట చదువుచున్నాడో, అసలు చదువుచున్నాడో లేదో, పట్టీకి తెలియదు. తల్లిదండ్రులు తెలిసికొనదగిన మాట యొకటి కలదు. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము, ఎనిమిదవ తరగతి వరకు చదువు పిల్లవాడు ఒకచోటి నుండి మరియొకచోటి బడికి మారుటకు హక్కుగలవాడు. సంవత్సరపు నడుమ వచ్చినను, బదిలీపత్రము ఆలస్యమైనను, ఆ కారణమున చేర్చుకొననని బడివారు చెప్పగూడదు. బయలుదేరుటకు ముందు బదిలీపత్రము అడుగుడు; వెంటనే వ్రాసియిచ్చుట ఇచ్చటివారి విధి. నాయనమ్మ దగ్గర విడిచిపోదగిన పిల్లలకు వసతిగృహమున చోటున్నదేమో విచారింపుడు.

మరియొక సూచన. ప్రతి యూరి పంచాయతీలోను, ప్రతి బడిలోను ఒక్క నోటుపుస్తకము చాలును. పోవువాని పేరు, మేస్త్రీ పేరు, ఫోను అంకె, నగరము, పేట, మేడ పేరు. మేడ మారినపుడు ఇంటికి చెప్పు ఫోనులో ఆ సంగతి చెప్పినచో, ఏడవ తరగతి చదువు కూతురు గీతకొట్టి క్రొత్తది వ్రాయగలదు. దీనికి ప్రభుత్వపు ఉత్తరువక్కరలేదు. బీమా వ్రాతలకును, క్షేమనిధి దరఖాస్తునకును, దేవుడట్టి దినము రాకుండజేయు గాక, మౌలివాక్కము వంటి రాత్రికిని ఆ పుట పనికివచ్చును. ఉపాధ్యాయులలో కొందరు ఇది మా పనియా యని విసుగుకొనవచ్చును. హాజరు తీయుట వారి పనియే గదా. పోయినవాడెచ్చటికి పోయెనో వ్రాయుట దాని తరువాతి గడియే.

ఈ హర్మ్యములు దూరనగరముల ముచ్చటయని మనవారు తలపనక్కరలేదు. విజయనగరము జిల్లా భోగాపురమున అంతర్జాతీయ విమానాశ్రయమునకు 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. విమానాశ్రయము చేరువ కట్టడముల యెత్తునకు హద్దులుండును గనుక మన సరుగుడుతోటల నడుమ బుర్జ్ ఖలీఫా లేచునని యెవరును భయపడవలదు, ఆశపడవలదు. కాని హోటళ్లు, అంగళ్లు, కార్యాలయములు, కాపురములు కలిపి కట్టు సముదాయములు విశాఖపట్నము నుండి ఆ దారివెంట రాకమానవని మా యూహ. అప్పుడు పనికొరకు మనవారు చెన్నపట్టణము పోనక్కరలేకపోవచ్చును. ఒడిస్సానుండి, బీహారునుండి మన యూరికే మరియొకరు రావచ్చును. రేకుల పాకలు మన ప్రహరీ ప్రక్కనే వెలయును. ఆ పాకలలోని బిడ్డ తెలుగు రానిదై మన బడి గుమ్మమున నిలుచును. అట్టి కట్టడమొకటి పంచాయతీ ముందునకు గాని, పట్టణాభివృద్ధి సంస్థ ముందునకు గాని వచ్చినపుడు, దాని పటములు చూపుమని యడుగుడు. పదవ తరగతి చదివిన మా విద్యార్థికి పటము చదువుట కష్టము కాదు. ఈతకొలను ఏ పుటలోనున్నదో వారే చూపుదురు. పనివారి గదులు ఏ పుటలోనున్నవో మనము వెదకవలెను.